నడిగడ్డ గాలి, సైకిల్ ట్యూబు గాలిపటం

పిల్లలూ, సముద్రపు ఒడ్డున ఉండేవాళ్ళకు గాలి అంటే ఒకటి, గద్వాలలో ఉండేవాళ్ళకు గాలి అంటే మరొకటి. సముద్రం మీద గాలికి అడ్డు ఏమీ లేదు. వందల మైళ్ళు నీటి మీదుగా జారి వస్తుంది కనక అది ఒక్క తీరున వీస్తుంది. గద్వాలకు వచ్చే గాలి అట్లా కాదు. అది గుట్టలెక్కి దిగుతుంది, గుండ్ల సందులలో దూరుతుంది, తుమ్మచెట్లకు తగులుకుంటుంది, మధ్యాహ్నపు ఎండకు పెనంలాగా కాలిన రేగడి చేల నుంచి పైకి లేచే వేడిగాలితో కలియబడుతుంది. అందుచేత ఒక నిమిషం చెంపకు తగిలీ తగలనట్టు ఉంటుంది, మరు నిమిషం తలగుడ్డను ఎగరగొడుతుంది.

ఇటువంటి గాలిలో ఏ ఆకారపు గాలిపటం ఎగరవెయ్యాలి? ఈ ప్రశ్న నాది కాదు, మా మనుమరాలిది. అది ఆరవ తరగతి చదువుతున్నది. 2024లో పారిస్ ఒలింపిక్స్ జరిగినప్పుడు మార్సేయ్ అనే రేవు దగ్గర సముద్రం మీద ఒక కొత్త పోటీ జరిగింది. ఒక చిన్న పలక మీద మనిషి నిలబడతాడు. అతని నడుముకు పెద్ద గాలిపటం దారాలు తగిలించి ఉంటాయి. గాలిపటం లాగుతుంటే మనిషి నీటి మీద బాణంలాగా దూసుకుపోతాడు. దీనిని కైట్ సర్ఫింగ్ అంటారు. ఒలింపిక్స్‌లో అది రావటం అదే మొదటిసారి. మా మనుమరాలు దానిని టీవీలో చూసినప్పటినుంచీ, "తాతా, మన జూరాల దగ్గర అంత నీళ్ళున్నవి గదా, మనం అట్లా పోలేమా?" అని నన్ను వేపుకు తిన్నది.

పోలేము అని ఒక్క మాటలో చెప్పేస్తే అది వినే రకం కాదు. అందుకని కిందటి జూన్ మొదటి వారంలో, బడులు తెరవక ముందు, దానినీ దాని తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని గద్వాల నుంచి వనపర్తి, వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు బయలుదేరాను. మా వెంట అయిదు గాలిపటాలు కూడా బయలుదేరాయి. అయిదూ అయిదు రకాలు. వాటిలో మూడు మాత్రమే తిరిగి ఇంటికి వచ్చాయి.

గద్వాల ఉన్న ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఒక వైపు కృష్ణ, ఇంకొక వైపు తుంగభద్ర, నడుమ గడ్డ. ఊళ్ళో సోమనాద్రి కట్టించిన కోట ఉన్నది. సుమారు మూడు వందల ఏండ్లనాటిది. మందమైన మట్టి గోడలు. మీరు ఈ ఊరి పేరు కోట వల్ల కాక చీరల వల్ల విని ఉంటారు. మీ అమ్మను అడగండి, చెబుతుంది.

మొదటి రోజు మా తొందర కొద్దీ కోట గోడ పక్కనే ఖాళీ జాగా చూసి అక్కడే నిలబడ్డాం. చిన్నవాడు తన పతంగి తీశాడు. మీకందరికీ తెలిసినదే, సంక్రాంతికి ఎగరవేసే పల్చటి కాగితపు పతంగి. నిలువుగా ఒక పుల్ల, అడ్డంగా విల్లులాగా వంచిన పుల్ల, తోక లేదు. అది నాలుగు బారలు లేచింది, గిర్రున తిరిగింది, నెత్తిన వచ్చి పడింది. మళ్ళీ లేపాడు, మళ్ళీ అదే. వాడికి ఏడుపొక్కటే తక్కువ.

తప్పు వాడిదీ కాదు, పతంగిదీ కాదు, నేను చూపించిన చోటుది. వాగులో ఒక రాయి ఉంటే దాని వెనక నీళ్ళు సుడులు తిరగటం మీరు చూసే ఉంటారు. గోడ వెనక గాలి కూడా అదే విధంగా సుడులు తిరుగుతుంది. ఆ సుడులు గోడ ఎత్తుకు పదింతల నుంచి ఇరవై ఇంతల దూరం దాకా పోతాయి. గోడ ముప్ఫై అడుగులున్నదనుకోండి, కనీసం మూడు వందల అడుగులు దూరంగా పోతే గాని గాలి కాస్త కుదుటపడదు. ఆరు వందల అడుగులైతే మరీ మంచిది. చెట్టయినా, మేడ అయినా, గుండు అయినా ఇదే లెక్క. ఆకారం సంగతి తర్వాత, ముందు నిలబడే చోటు చూసుకోవాలి.

ఊరు దాటి పత్తి చేల పక్కకు పోయాం. అక్కడ పతంగి బాగా లేచింది. ఈ పతంగిలో ఒక తమాషా ఉన్నది. దారం బిగబట్టి లాగితే గాలి దాని విల్లుపుల్లను ఇంకా వెనక్కు వంచుతుంది. అప్పుడది పడవ అడుగులాగా మధ్యలో ముందుకు వచ్చి తిన్నగా పైకి పోతుంది. దారం వదులు చేస్తే విల్లు సాగి పతంగి బల్లపరుపు అవుతుంది, వెంటనే ఇటూ అటూ తిరగటం మొదలుపెడుతుంది. అది ఎటు తిరిగి ఉన్నప్పుడు లాగితే అటు దూసుకుపోతుంది. పేచీలు వెయ్యటానికి పనికివచ్చే గుణం ఇదే. కాని దీనిని చేతితో ఎడతెరిపి లేకుండా ఆడిస్తూ ఉండాలి. చెయ్యి ఒక్క నిమిషం ఏమరితే సరి, గాలి పడిపోగానే అదీ పడిపోతుంది. గాలి రెట్టించి వచ్చిందా, కాగితం చిరుగుతుంది. మా పతంగి పది నిమిషాలు ఎగిరి, రెండు ముక్కలై, సర్కారు తుమ్మకు చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. మేము వాడినది ముతక నూలు దారం కనక పక్షులకు ప్రమాదం తక్కువ. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. మీకు ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అది పక్షుల రెక్కలే కాదు, సైకిలు మీద పోయేవాళ్ళ గొంతులు కూడా కోసింది.

తర్వాత పెట్టె గాలిపటం తీశాను. ఇది చూడటానికి అడుగూ మూతా లేని రెండు పెట్టెలను పుల్లల మీద గుచ్చినట్టు ఉంటుంది. లారెన్స్ హార్‌గ్రేవ్ అనే ఆయన దీనిని ఆస్ట్రేలియాలో 1893లో కనిపెట్టాడు. మరుసటి ఏడు, 1894 నవంబరు 12న, నాలుగు పెట్టె గాలిపటాలను ఒక వరసలో కట్టి, వాటి కింద తాను కూచుని, నేల నుంచి 16 అడుగులు పైకి లేచాడు. తొలినాటి విమానాల రెక్కలకు ఈ పెట్టె గాలిపటమే దారి చూపింది. ఇంత గొప్పది మా దగ్గర ఎట్లా ఎగిరిందనుకున్నారు? గాలి గట్టిగా వీచినంతసేపూ ఆకాశాన మేకు కొట్టినట్టు కదలకుండా నిలబడింది. గాలి మందగించగానే బండరాయిలాగా కిందకు దిగి నాలుగు పుల్లలూ విరగగొట్టుకున్నది. హార్‌గ్రేవ్ ఎగిరినది సముద్రపు ఒడ్డున! ఆ సంగతి నేను ముందే ఆలోచించి ఉండవలసింది.

సాయంత్రం ఒక నేతగాళ్ళ ఇంటికి వెళ్ళాం. అక్కడ మా మనుమరాలు ఒక మంచి ప్రశ్న వేసింది, "ఒలింపిక్స్ గాలిపటం గుడ్డ ఎందుకు చిరగదు?" అని. ఆ గుడ్డ పాలియెస్టరు. కాగితమంత పల్చన. కాని దగ్గరగా చూస్తే అందులో చిన్న చిన్న గళ్ళు కనబడతాయి. పల్చటి దారాల మధ్య ప్రతి కొద్ది మిల్లీమీటర్లకూ నిలువునా అడ్డంగా ఒక బలమైన దారం వేసి నేస్తారు. ఎక్కడన్నా చిరుగు పడితే అది పక్క దారం దాకా పోయి ఆగిపోతుంది. మగ్గం మీద ఉన్న పెద్దాయన ఈ మాట విని నవ్వి, "గళ్ళ చీరెకు గదే లెక్క గదా" అన్నాడు.

రెండో రోజు జూరాల. ఇక్కడ కృష్ణ మీద కట్టిన ఆనకట్ట మీదుగా రోడ్డు ఉన్నది. ఈ ఒడ్డు గద్వాల జిల్లా, ఆ ఒడ్డు వనపర్తి జిల్లా. జూన్ మొదట్లో నీళ్ళు తక్కువగానే ఉన్నాయి. అయినా పిల్లలకు సముద్రంలాగే కనిపించింది. ఆనకట్టకు పడమర వైపున నీళ్ళు పరుచుకుని ఉంటాయి. ఆ నెలలో గాలి పడమటి దిక్కు నుంచే వస్తుంది. అంటే గాలి నీళ్ళ మీదుగా, అడ్డు లేకుండా మన మీదికి వస్తుందన్నమాట. చోటు మంచిదే. ఆనకట్టకూ, కరెంటు తీగలకూ చాలా దూరంగా, ఒడ్డున బయలు చూసుకుని ఆగాం. తీగల దగ్గర గాలిపటం ఎగరవెయ్యకూడదని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడే మీకు ఒక పాత కథ చెప్పాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు విన్నారు గదా, 1752లో గాలిపటంతో మెరుపులోని విద్యుత్తును పరీక్షించినవాడు. ఆయన అంతకు ఎంతో ముందు, కుర్రవాడిగా ఉన్నప్పుడే, బోస్టన్ దగ్గర ఒక చెరువులో వెల్లకిలా తేలుతూ గాలిపటం దారం పట్టుకుని అవతలి గట్టుకు చేరాడు. బట్టలు ఒక స్నేహితుడి చేతికిచ్చి గట్టు వెంబడి తీసుకురమ్మన్నాడట. పెద్దవాడైన తర్వాత 1773లో రాసిన ఒక ఉత్తరంలో ఈ సంగతి ఆయనే చెప్పాడు. కనక గాలిపటం చేత లాగించుకోవటం నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. ఇంగ్లండులో జార్జి పోకాక్ అనే బడిపంతులు 1826లో గుర్రాలు లేకుండా గాలిపటాలు లాగే బండికి పేటెంటు తీసుకున్నాడు. శామ్యూల్ కోడీ 1903లో గాలిపటం కట్టిన పడవలో ఇంగ్లిష్ చానల్ దాటాడు.

ఈ కథ చెప్పి నేను తప్పు చేశాను. ఫ్రాంక్లిన్ చేసినది తనెందుకు చెయ్యకూడదని మా మనుమరాలికి అనిపించింది.

నా దగ్గర పాత గొడుగుల గుడ్డతో కుట్టిన ఆరుమూలల గాలిపటం ఒకటి ఉన్నది. మూల నుంచి మూలకు నాలుగడుగులు. పొడుగాటి తోక. బల్లపరుపు గాలిపటానికి తోక చాలా మేలు చేస్తుంది. ఎందుకంటే గాలి పెరిగినకొద్దీ గాలిపటం లాగుడు ఎంత పెరుగుతుందో తోక వెనక్కు పట్టే పట్టు కూడా అంత పెరుగుతుంది. అందుచేత అది తలకిందులు కాకుండా ఉంటుంది. గాలిపటం చక్కగా లేచింది. దారం పిల్ల చేతికి ఇచ్చాను. ఇంతలో చేపల వలలు ఆరవేస్తున్న ఒకతను, "పెద్దాయనా, ఆ మబ్బు చూస్తివా? ఈడ గాలి ఒక్క తీరుగ ఉండదు" అన్నాడు. చూశాను. నైరుతి మూలన ఒక నల్లటి మబ్బు ఉన్నది. చాలా దూరాన ఉన్నది గదా అనుకున్నాను.

గాలి పూర్తిగా ఆగిపోయింది. గాలిపటం కిందికి దిగసాగింది. పిల్ల దారం గుంజుతూ చేతికి రెండు చుట్లు చుట్టుకున్నది. అంతే, చల్లటి గాలి ఒక్కసారిగా మట్టివాసన వేసుకుని మీద పడింది. దారం గిటారు తీగలాగా మోగింది. పిల్ల ముందుకు తూలి, మూడడుగులు పరుగెత్తి, మోకాళ్ళ మీద పడింది. "వదులు! వదులు!" అని నేను అరుస్తున్నాను. చుట్టుకున్న దారం వదిలితే ఊడుతుందా? ఆ చేపలతను పరుగున వచ్చి తన కత్తితో దారం కోసేశాడు. గొడుగు గుడ్డ గాలిపటం తోకతో సహా మబ్బులోకి పోయింది. పిల్ల అరచేతిలో ఎర్రటి చార మిగిలింది.

ఉరుముల మబ్బు నుంచి చల్లగాలి కిందకు దూకి, నేల తాకి, నలువైపులా పారుతుంది. అది వాన కంటె ముందు వస్తుంది. ఆ గాలికి ముందు ఒక్కొక్కసారి గాలి మొత్తంగా ఆగిపోతుంది. మబ్బు దూరాన ఉన్నప్పుడే దారం చుట్టేసి ఉండవలసింది నేను. పైగా మెరుపు భయం కూడా ఉన్నది.

ఆ రాత్రి అరచేతికి వెన్న రాయించుకుంటూ పిల్ల, "తాతా, అంత చిన్న గాలిపటానికి అంత బలం ఎక్కడిది?" అని అడిగింది. లెక్క చెప్పాను. మీరూ చూడండి. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. మూడింతలయితే తోపుడు తొమ్మిదింతలు. గంటకు 15 కిలోమీటర్ల గాలి, ఎదురుగా నిలిచిన ఒక చదరపు మీటరు గుడ్డను సుమారు ఒక కిలో బరువుతో తోస్తుంది. అదే గాలి 30 కిలోమీటర్లయితే నాలుగు కిలోలకు పైన. 45 అయితే తొమ్మిది కిలోలు దాటుతుంది. మా గొడుగు గుడ్డ గాలిపటం ఇంచుమించు ఒక చదరపు మీటరు. కైట్ సర్ఫింగ్ గాలిపటాలు తరచు 9 నుంచి 12 చదరపు మీటర్లు ఉంటాయి. 12 మీటర్ల దానిని 30 కిలోమీటర్ల గాలి యాభై కిలోల బరువుతో లాగుతుంది. గాలిపటం ఆకాశంలో అడ్డంగా దూసుకుపోతున్నప్పుడు దాని సొంత వేగం కూడా కలిసి లాగుడు ఇంకా చాలా పెరుగుతుంది. సముద్రం మీద ఈ బలం నిలకడగా ఉంటుంది కనక మనిషి దానికి సర్దుకుంటాడు. మన దగ్గర క్షణంలో నాలుగింతలై, మరుక్షణం సున్న అవుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

"అయితే గాలి ఎక్కువైనప్పుడు ఆ ఎక్కువను తనంతట తానే పారబోసే గాలిపటం ఉంటే?" అన్నది పిల్ల.

దీనికి జవాబు మరునాడు దారిలోనే దొరికింది. జూరాల నుంచి ఆత్మకూరు మీదుగా వనపర్తి పోతుంటే మదనాపురం దగ్గర సరళాసాగర్ అనే ప్రాజెక్టు ఉన్నది. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరిట దీనికి ఆ పేరు పెట్టించాడు. 1949లో మొదలుపెట్టి 1959లో పూర్తి చేశారు. మీరు ఎప్పుడన్నా వెళితే తప్పక ఆగి చూడండి, ఎందుకంటే ఇక్కడ నీళ్ళు వదలటానికి తలుపులు ఎత్తేవాళ్ళు అక్కరలేదు. కట్టలో బోర్లించిన గొట్టాల వంటి సైఫన్లు ఉన్నాయి. చెరువు నిండి నీరు ఒక మట్టానికి రాగానే గొట్టం వంపు మీదుగా కొంచెం నీరు పారుతుంది. ఆ పారే నీరు గొట్టంలోని గాలిని తనతో ఈడ్చుకుపోతుంది. గాలి పోయిన గొట్టం నిండా నీరు పట్టి చెరువులోని నీటిని బలంగా పీల్చి అవతలికి కక్కుతుంది. మట్టం తగ్గగానే గొట్టంలోకి గాలి దూరి పారుదల దానంతట అదే ఆగిపోతుంది. రాత్రివేళ వరద వచ్చినా ఎవరినీ నిద్ర లేపనక్కరలేదు. 2019 డిసెంబరు 31న ఈ ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడింది. తర్వాత దానిని పూడ్చి మళ్ళీ కట్టారు. ఎంత తెలివైన సైఫనయినా కట్టను కూడా కనిపెట్టుకుని ఉండాలి మరి.

మేము చూసినప్పుడు సైఫన్లు ఎండి ఉన్నాయి. పిల్ల చాలాసేపు వాటి వంకే చూసి, "తాతా, గాలిపటానికి సైఫన్ పెడదాం" అన్నది.

వనపర్తిలో రాజుల బంగళాలో ఇప్పుడు పాలిటెక్నిక్ ఉన్నది. దానిని చూసి వస్తూ బజారులో ఒక పంక్చరు షాపు దగ్గర ఆగాం. మాకు కావలసినది పాత సైకిల్ ట్యూబు ముక్క. షాపతను డబ్బు తీసుకోలేదు. "దేనికి?" అని అడిగాడు. "గాలిపటానికి" అంటే మమ్మల్ని వింతగా చూశాడు.

ఇప్పుడు మా నాలుగో గాలిపటం సంగతి చెబుతాను. అమెరికాలో విలియం ఎడ్డీ అనే పత్రికా రచయిత 1890లలో చేసిన రకం ఇది. మలయా దేశపు గాలిపటాలను చూసి దీనిని రూపొందించాడు. తోక అక్కరలేదు. 1894 ఆగస్టులో బోస్టన్ దగ్గర బ్లూ హిల్ అనే వాతావరణ పరిశీలన కేంద్రంవారు ఇటువంటి గాలిపటాలకే ఉష్ణోగ్రతను రాసుకునే యంత్రం కట్టి పైకి పంపారు. మీరు కూడా చేసుకోవచ్చు. 30 అంగుళాల వెదురు బద్దలు రెండు తీసుకోండి. రెండూ సమానమే. నిలువు బద్దకు పై కొన నుంచి 6 అంగుళాలు కిందగా అడ్డబద్దను కట్టండి. అడ్డబద్ద రెండు కొసలకూ దారం కట్టి, నడుమ 3 అంగుళాల వంపు వచ్చేటట్టు వెనక్కు వంచండి. కాగితమో పల్చటి గుడ్డో కొంచెం వదులుగా అతికించండి. వంపు వల్ల గాలిపటం రెండు వైపులా వెనక్కు వాలి ఉంటుంది. అది ఒక పక్కకు ఒరిగితే ఆ పక్కకు గాలి ఎక్కువ తగిలి మళ్ళీ సరిచేస్తుంది. పడవలో ఒక పక్కకు ఒరిగినవాణ్ణి నీళ్ళే పైకి నెట్టినట్టు.

ఇక సూత్రం. ఒక దారం బద్దలు కలిసే చోట, ఒక దారం కింది కొసన కట్టి రెండింటినీ ముందుకు తెచ్చి ముడి వేస్తారు గదా? కింది దారం నడుమ సైకిల్ ట్యూబు పీలిక కట్టండి. మామూలు గాలిలో ఆ రబ్బరు సాగదు, గాలిపటం మామూలుగానే వాలి నిలబడుతుంది. గాలి రెట్టించి కొట్టగానే రబ్బరు సాగుతుంది. సాగితే గాలిపటం కింది కొస వెనక్కు లేస్తుంది. గాలిపటం పడుకున్నట్టవుతుంది. పడుకున్న గాలిపటం కింద నుంచి గాలి జారిపోతుంది, లాగుడు తగ్గుతుంది. గాలి తగ్గగానే రబ్బరు ముడుచుకుంటుంది, గాలిపటం మళ్ళీ లేచి నిలబడుతుంది. బ్లూ హిల్ వాళ్ళు కూడా తమ గాలిపటాల సూత్రాలకు సాగే తాడు కట్టి వాడారు.

ఇది వినటానికి సులువుగా ఉన్నది గాని, మాకు మూడు సార్లు పట్టింది. మొదట వేలెడు వెడల్పు పీలిక కట్టాం, అది సాగనే లేదు. తర్వాత దారమంత సన్నగా కోశాం, అది చిన్న గాలికే సాగిపోయి గాలిపటం పైకి లేవలేదు. మూడోది పావు అంగుళం వెడల్పు, అది సరిపోయింది. రబ్బరు తెగినా గాలిపటం పోకుండా దాని పక్కనే నాలుగంగుళాలు ఎక్కువ పొడుగున్న తోడుదారం ఒకటి కట్టమని చిన్నవాడు చెప్పాడు. ఆ ఆలోచన నాకు రానందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

నాలుగో రోజు గోపాలపేట మీదుగా నాగర్‌కర్నూలు పోయి కేసరిసముద్రం చెరువు చూసుకుని, మబ్బులు లేవని రెండుసార్లు రూఢి చేసుకుని, నీళ్ళ మీదుగా గాలి వచ్చే ఒడ్డున నిలబడ్డాం. పిల్ల ఈసారి దారాన్ని చేతికి చుట్టుకోలేదు. చరఖా పట్టుకున్నది, చేతికి గుడ్డ తొడుగులు కూడా వేసుకున్నది. తుమ్మచెట్ల కొమ్మలు ఊగుతున్నాయి, దుమ్ము లేస్తున్నది. అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి అన్నమాట. ఈ కొలత బోఫర్ట్ అనే నావికాధికారి 1805లో మొదలుపెట్టిన పద్ధతిలోది. గాలిపటం లేచింది. గాలి విసురు వచ్చినప్పుడల్లా తోక ఎత్తిన పిట్టలాగా కింది కొస పైకెత్తటం, మళ్ళీ దించటం! దారం బిగుసుకుంటున్నది గాని కొయ్యటం లేదు. చిన్నవాడు కూడా ఒంటిచేత్తో పట్టుకున్నాడు.

అప్పుడు వాళ్ళను కూచోబెట్టి ఒలింపిక్స్ గాలిపటం సంగతి చెప్పాను. ఫ్రాన్సులో బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అనే అన్నదమ్ములు 1984లో గాలి ఊదిన గొట్టపు అంచుగల గాలిపటానికి పేటెంటు తీసుకున్నారు. గొట్టంలో గాలి ఉంటుంది కనక అది నీళ్ళలో పడ్డా మునగదు, మళ్ళీ లేపవచ్చు. మొదట్లో అవి గాజును సగానికి విరిచినట్టు గుండ్రంగా ఉండేవి. వాటితో చిక్కేమిటంటే, గాలి విసురు వస్తే లాగుడును తగ్గించే వీలు చాలా తక్కువ. 2005 ప్రాంతంలో బ్రూనో విల్లు ఆకారపు గాలిపటాన్ని తెచ్చాడు. అది కొంచెం బల్లపరుపుగా ఉంటుంది, వెనక అంచు లోపలికి నెలవంకలాగా ఉంటుంది, ముందు అంచుకు సూత్రాలు ఉంటాయి. మనిషి చేతిలోని కర్రను ముందుకు తోస్తే వెనక దారాలు వదులై గాలిపటం పడుకుంటుంది. లాగుడు దాదాపు ఏమీ లేకుండా పోతుంది.

"మన సైకిల్ ట్యూబే!" అన్నది పిల్ల.

అదే. మన దానిలో రబ్బరు చేసే పని, అక్కడ మనిషి చెయ్యి చేస్తుంది. కనక విసురు గాలిలో ఆ ఆటకు విల్లు ఆకారమో, దానికి దగ్గరగా ఉండే త్రికోణపు ఆకారమో ఎంచుకుంటారు. ఒలింపిక్స్‌లో వాడినవి వేరు. అవి గొట్టాలు లేని, గుడ్డ సంచుల వంటి సన్నటి పొడుగాటి రెక్కలు. పందేనికి వాటిని మించినవి లేవు. కాని పొడుగాటి సన్న రెక్క విసురుగాలిలో ముందుకు ఉరికి మనిషి నెత్తి మీదికి వచ్చి, గాలి ఆగగానే ముడుచుకుని పడుతుంది. పొట్టిగా వెడల్పుగా ఉన్న రెక్క నిదానంగా ఉంటుంది. బోలెడు వేగం పోతుంది, పోనీ. గొట్టపు అడ్డపట్టీలు మూడు ఉన్నవాటికంటె అయిదు ఉన్నవి రూపం చెడకుండా నిలుస్తాయి, కాని బరువు. ఇంకొక సంగతి, గాలిపటం పరిమాణాన్ని గాలి సగటును చూసి కాక విసురును చూసి ఎంచుకోవాలి.

సముద్రం లేని చోట ఈ ఆట ఆడేవాళ్ళు లేకపోలేదు. స్విట్జర్లండులో సుమారు 1,800 మీటర్ల ఎత్తున సిల్వాప్లానా అనే సరస్సు మీద ఆడతారు. అమెరికాలో కొలంబియా నది కొండల మధ్య ఇరుకున పారే చోట, హుడ్ రివర్ అనే ఊరి దగ్గర, ఇంతకన్నా చిలిపి గాలిలో ఆడతారు. మన హైదరాబాదులోనే హుస్సేన్ సాగర్ మీద వానాకాలంలో తెరచాప పడవల పందేలు జరుగుతాయి. అక్కడి పిల్లలకు మారే గాలి అంటే చెప్పనక్కరలేదు. కాని వీటన్నిటి దగ్గరా నేర్పేవాళ్ళూ, పడితే తెచ్చేందుకు పడవలూ ఉంటాయి. జూరాలలో అవి లేవు, నీళ్ళ కింద బండలు ఉన్నవి. "ఇప్పుడు కాదు" అన్నాను. పిల్ల అరచేతిలోని చార చూసుకుని వాదించలేదు.

సాయంత్రానికి కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాం. ఇక్కడ కృష్ణ నల్లమల కొండల మధ్య వంపులు తిరుగుతుంది. గాలి కొండ ఎక్కి, దిగి, రెండు దిక్కుల నుంచీ వస్తుంది. మన ఎడ్డీ గాలిపటం కూడా ఇక్కడ తికమక పడింది. విసురుకు తట్టుకుంటుంది గాని, గాలి మొత్తంగా ఆగిపోతే వెనక్కు వెనక్కు జారి పడుతుంది. అప్పుడు అయిదోది తీశాను. రెక్కలు చాపిన గద్దలాగా త్రికోణంగా ఉంటుంది. రోగాల్లో దంపతులు 1948లో చేసిన మెత్తటి రెక్కకు ఇది చుట్టం. విసురు వస్తే దీని రెక్కలు వెనక్కు మడుచుకుని గాలిని వదిలేస్తాయి. గాలి ఆగితే పడిపోదు, మెల్లగా ముందుకు తేలుతూ ఇంకొక గాలి పొర దొరికేదాకా కాలక్షేపం చేస్తుంది. అంత తేలికైనది కనక మధ్యాహ్నపు పెనుగాలిలో దీనిని నేను నమ్మను.

ఎండ కొండల వెనక్కు పోయింది. గాలి ఆగింది. పిల్ల దారం లాగలేదు, చుట్టలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డది. గాలిపటం నీళ్ళ వైపుకు ఇరవై బారలు తేలుకుంటూ దిగి, అవతలి నుంచి వచ్చిన ఏదో చిన్న గాలికి ముక్కు పైకెత్తింది.

"తాతా, సైకిల్ ట్యూబు ఇంకా మిగిలి ఉన్నదా?" అని అడిగింది.

"దీనికి ఎక్కడ కడతావు?"

"అదే ఆలోచిస్తున్నా" అన్నది.